పాత స్పీకర్లకు కొత్త స్టీరియో



మా గద్వాల చీరలకు పేరుపొందిన ఊరు. మగ్గం మీద ఒక పడుగు అయిపోవచ్చినప్పుడు నేతగాళ్లు పాత దారాలను తెంచి పారేయరు. పాత దారాల కొసలకు కొత్త పడుగు దారాలను ఒక్కొక్కటిగా చేర్చి, వేళ్లతో మెలిపెట్టి అతుకుతారు. దారాలు వేలల్లో ఉంటాయి. ఏ దారానికి ఏ దారం కలపాలో ఆ లెక్క తప్పితే అంచు చెదిరిపోతుంది.

కారులో పాత స్పీకర్లకు కొత్త స్టీరియో కలపడం కూడా ఇటువంటి అతుకు పనే. ఇందులో ఉండేవి ఇరవై తీగల లోపే. అయితే ఇక్కడ లెక్క తప్పితే చెదిరేది అంచు కాదు, కారే కాలిపోవచ్చు.

ఈ మాట ఊరికే అనడం లేదు. మా పాత విద్యార్థి ఒకడు పాత కారు కొనుక్కొని కిరాయికి నడుపుతున్నాడు. కారుతో వచ్చిన స్టీరియో పాడైతే ఒక దుకాణంలో కొత్తది పెట్టించాడు. తలుపుల్లోని నాలుగు స్పీకర్లు, డిక్కీలోని సబ్‌వూఫర్ పెట్టె మాత్రం పాతవే ఉంచాడు. ఒకరోజు యాత్రికులను అలంపురం తీసుకుపోతుండగా ఎర్రవల్లి చౌరస్తా దాటగానే డాష్‌బోర్డు లోపలి నుంచి కాలిన వాసన వచ్చింది. వెంటనే కారు ఆపి, అందరినీ దింపి, బ్యాటరీ తీగ ఊడదీశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ కారులో ఆరుగురు ఉన్నారు, వారిలో ఇద్దరు పసిపిల్లలు.

మరుసటి ఆదివారం కారు తీసుకొని మా ఇంటికి వచ్చాడు.

“సార్, ముందు స్పీకర్లలో పాట వస్తున్నది గానీ దమ్ము లేదు. వెనక కుడివైపుది మూగపోయింది. సబ్‌వూఫర్ పలకనే లేదు. ఫ్యూజు రెండుసార్లు పోయింది.”

“మూడోసారి పోలేదా?”

వాడు తల వంచుకున్నాడు. “సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టిన సార్.”

ఓమ్ నియమం చెప్పమంటే నిద్రలో లేపినా చెప్పగలిగిన పిల్లవాడు వాడు. ఆ నియమం పుస్తకంలోనే ఉండిపోయింది. ఆ రోజు మా పదో తరగతి పిల్లలు నలుగురిని పిలిచి, మల్టీమీటరు పట్టుకొని, వేపచెట్టు కింద ఆ కారునే ప్రయోగశాల చేశాం. మేము చూసినవన్నీ వరుసగా చెబుతాను.

స్పీకరు లోపల ఏముంది?

కాగితపు శంకువు వెనక ఒక సన్నని తీగచుట్ట ఉంటుంది. అది ఒక శాశ్వత అయస్కాంతం సందులో వేలాడుతూ ఉంటుంది. తీగచుట్టలో విద్యుత్తు ఒక దిశలో పోతే శంకువు ముందుకు, వ్యతిరేక దిశలో పోతే వెనక్కు కదులుతుంది. ఫ్లెమింగ్ ఎడమచేతి నిబంధన మీకు తెలిసిందే కదా! ఆ కదలిక గాలిని నెట్టి, లాగి ధ్వనిని పుట్టిస్తుంది. ఈ రకం స్పీకరును నేటి రూపానికి తెచ్చినవారు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన రైస్, కెల్లాగ్ అనే ఇంజనీర్లు. అది 1925 నాటి మాట. తరువాత ఐదేళ్లకే, 1930లో, గాల్విన్ సోదరుల కంపెనీ ‘మోటోరోలా’ పేరుతో కారు రేడియోను అమ్మకానికి తెచ్చింది.

స్పీకరు తీగచుట్టకు నిరోధం ఉంటుంది. కార్లలో వాడేవి ఎక్కువగా 4 ఓములవి. కొన్ని కార్లలో కంపెనీ అమర్చినవి 2 ఓములవి కూడా ఉంటాయి. 4 ఓములని రాసి ఉన్న స్పీకరును మల్టీమీటరుతో కొలిస్తే సుమారు మూడున్నర చూపిస్తుంది. మీటరు ఏకముఖ విద్యుత్తుతో తీగ నిరోధాన్ని మాత్రమే కొలుస్తుంది. పాట అంటే మాత్రం ఏకాంతర విద్యుత్తు. దానికి తీగచుట్ట మరికొంత అడ్డు చెబుతుంది. అందుకే ఆ తేడా.

తీగల రంగులు

కొత్త స్టీరియో వెనక నుంచి రంగురంగుల తీగల కట్ట వస్తుంది. చాలా కంపెనీలు ఒకే పద్ధతి పాటిస్తాయి.

పసుపు: బ్యాటరీ ధనధ్రువం నుంచి ఎప్పుడూ విద్యుత్తు తెచ్చే తీగ. గడియారం, ఎంచుకున్న స్టేషన్లు దీనివల్లే గుర్తుంటాయి.
ఎరుపు: కారు తాళం తిప్పినప్పుడే విద్యుత్తు వచ్చే తీగ.
నలుపు: కారు ఇనుప శరీరానికి, అంటే బ్యాటరీ ఋణధ్రువానికి కలిపేది. దీన్నే మెకానిక్కులు ‘బాడీ ఎర్త్’ అంటారు.
నీలం మీద తెల్లచార: ‘నేను మేలుకున్నాను, నీవూ మేలుకో’ అని సబ్‌వూఫర్ వర్ధకానికి 12 వోల్టుల కబురు పంపే తీగ.
తెలుపు, బూడిద రంగు, ఆకుపచ్చ, ఊదా: వరుసగా ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి స్పీకర్ల జతలు. ప్రతి జతలో నల్లచార ఉన్న తీగ ఋణ తీగ.

ఇవి స్టీరియో వైపు రంగులు. కారు వైపు రంగులు ఒక్కో కంపెనీకి ఒక్కో తీరుగా ఉంటాయి. కాబట్టి రంగుకు రంగు కలిపితే సరిపోదు. ఆ కారుకు సరిపోయే కప్లర్ దొరికితే మంచిది. లేకపోతే ప్రతి తీగనూ కొలిచి తెలుసుకోవాలి. సరైన జత అయితే రెండు తీగల మధ్య మూడు, నాలుగు ఓములు చూపాలి. ఆ తీగలకూ కారు శరీరానికీ మధ్య ఏ సంబంధమూ ఉండకూడదు.

ఇలా కొలుస్తుండగానే మొదటి తప్పు దొరికింది. వెనక కుడి స్పీకరు ఋణ తీగకూ కారు శరీరానికీ మధ్య మీటరు ‘కుయ్’మని మోగింది. నిరోధం సున్నా! ఆ తీగను ఎవరో ఒక మరకు బిగించారు.

కవ్వం తాడు

బిగించినవారి ఉద్దేశం చెడ్డది కాదు. ‘ఋణ తీగ అంటే బాడీకే కదా’ అనుకొని ఉంటారు. పాతకాలపు కారు రేడియోల్లో చాలావరకు అలాగే ఉండేది. నేటి స్టీరియోలో అది పెద్ద పొరపాటు. ఎందుకో చూద్దాం.

చల్ల చిలికే కవ్వాన్ని గుర్తు చేసుకోండి. తాడు ఒక కొసను కదలని చోట కట్టేసి, రెండో కొసను ఒక చేత్తో ఆడిస్తే కవ్వం ఏదో కొద్దిగా కదులుతుంది. రెండు కొసలూ రెండు చేతులతో పట్టి, ఒకటి లాగినప్పుడు రెండోది వదులుతూ ఉంటే జోరుగా తిరుగుతుంది. పాత రేడియోలో స్పీకరు ఒక కొస బాడీకి కట్టేసి ఉండేది. నేటి స్టీరియోలో రెండు కొసలనూ వర్ధకమే ఆడిస్తుంది. ఒక తీగ పైకి పోతుంటే రెండోది కిందికి వస్తుంది. దీన్ని ‘బ్రిడ్జి’ పద్ధతి అంటారు.

ఇంజను నడుస్తున్నప్పుడు కారులో సుమారు 14 వోల్టులు ఉంటాయి. పాట లేనప్పుడు కూడా స్పీకరు తీగలు రెండింటి మీదా అందులో సగం, అంటే సుమారు 7 వోల్టులు ఉంటాయి. రెండు వైపులా సమానం కనుక స్పీకరులో ప్రవాహం ఉండదు. అటువంటి తీగను బాడీకి కలిపితే ఏమవుతుంది? ఆ 7 వోల్టులూ స్పీకరు నిరోధం గుండా కాకుండా నేరుగా బాడీలోకి పోతాయి. స్టీరియోలో రక్షణ ఏర్పాటు ఉంటే అదే ఆగిపోతుంది. లేకపోతే లోపలి ఐసీ కాగి, చివరికి ఫ్యూజు పోతుంది. మనవాడి ఫ్యూజు రెండుసార్లు పోయింది ఇందుకే. ఫ్యూజు చెడిపోలేదు, తన పని తాను చేసింది.

వెండి కాగితం చేసిన పని

ఫ్యూజు అంటే వలయంలో మనం కావాలని పెట్టుకున్న బలహీనమైన చోటు. ప్రవాహం హద్దు దాటితే తీగలు కాగకముందే అది కరిగి వలయాన్ని తెంచుతుంది. కార్లలో వాడే రెక్క ఫ్యూజుల్లో ఎరుపుది 10 ఆంపియర్లకు, నీలంది 15కు, పసుపుది 20కి. ఆ స్టీరియో ఫ్యూజు ఎరుపుది.

దాని మీద వెండి కాగితం చుడితే ఆ బలహీనమైన చోటు మాయమవుతుంది. కారు బ్యాటరీ చూడడానికి చిన్నదే గాని, ఇంజను స్టార్టు చేసేటప్పుడు వంద ఆంపియర్లకు పైగా ఇవ్వగలదు. అంత ప్రవాహం స్టీరియో సన్నని తీగలో పోతే ఆ తీగే ఫ్యూజు అవుతుంది. ఉష్ణం ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని చదువుకున్నాం కదా! ప్రవాహం మూడింతలైతే వేడి తొమ్మిదింతలు. పైనున్న ప్లాస్టిక్ తొడుగు కరుగుతుంది. పక్కనే డాష్‌బోర్డు, దూది, గుడ్డ. అలంపురం దారిలో వచ్చిన వాసన ఇదే. కారు ఆపకుండా మరికొంత దూరం పోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

దీన్ని విన్నాక మా పిల్లల్లో ఒకమ్మాయి అడిగింది: “సార్, పెట్టె మీద ‘50 వాట్లు × 4’ అని ఉంది. మొత్తం 200 వాట్లు. 200ను 14తో భాగిస్తే 14 ఆంపియర్లకు పైనే వస్తుంది. మరి ఫ్యూజు 10 ఆంపియర్లదే ఎందుకు పెట్టారు?”

బలే ప్రశ్న! లెక్క కడదాం.

యాభై వాట్ల అసలు కథ

బ్రిడ్జి పద్ధతిలో స్పీకరు కొసల మధ్య వచ్చే అత్యధిక వోల్టేజి, కారులో ఉన్న 14 వోల్టులే. పాట తరంగం ఎప్పుడూ శిఖరం మీదే నిలబడదు, ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అందుచేత సామర్థ్యం లెక్కకు శిఖర విలువలో సుమారు 0.7 వంతు తీసుకోవాలి. 14 × 0.7 = 9.8, అంటే సుమారు 10 వోల్టులు. సామర్థ్యం = వోల్టేజి వర్గం ÷ నిరోధం. కాబట్టి 10 × 10 ÷ 4 = 25 వాట్లు. వర్ధకంలో కొంత పోగా స్పీకరుకు చేరేది ఇరవై వాట్ల చుట్టుపక్కల ఉంటుంది.

మరి యాభై ఎక్కడిది? 0.7 వంతు తీసుకోకుండా 14 × 14 ÷ 4 అని లెక్క కట్టి చూడండి. 49 వస్తుంది! తరంగం శిఖరాలను కత్తిరించినట్లు చదును చేసి, ధ్వని పూర్తిగా వికృతమయ్యే స్థితిలో వచ్చే సంఖ్య అది. అట్లా ఎవరూ పాట వినరు. 10 ఆంపియర్ల ఫ్యూజు గుండా ఎడతెగకుండా పోగలిగేది 10 × 14 = 140 వాట్లు మాత్రమే. అందులోనూ కొంత వర్ధకంలోనే వేడిగా పోతుంది. పెట్టె మీది సంఖ్య కన్నా పక్కనున్న ఫ్యూజే నిజం చెబుతోందన్నమాట.

పాత రేడియో సంగతీ చూద్దాం. ఒక కొస కట్టేసి ఉంది కనుక శిఖరం 7 వోల్టులు మాత్రమే. 7 × 0.7 అంటే సుమారు 5 వోల్టులు. 5 × 5 ÷ 4 = సుమారు 6 వాట్లు. రెండు చేతులతో లాగినందుకు వోల్టేజి రెండింతలైంది, సామర్థ్యం నాలుగింతలైంది. 

ఇదే లెక్కతో మరో హెచ్చరిక. 4 ఓముల స్పీకరులో 10 వోల్టులకు పోయే ప్రవాహం రెండున్నర ఆంపియర్లు. 2 ఓముల స్పీకరైతే ఐదు ఆంపియర్లు. 4 ఓములకే తగినట్లు చేసిన స్టీరియో ఆ వేడి తట్టుకోలేదు. అందుకే కంపెనీ స్పీకర్ల నిరోధం కొలవకుండా కొత్త స్టీరియో కొనకూడదు.

దమ్ము ఎక్కడికి పోయింది?

ఇక ముందు స్పీకర్లలో మంద్రస్వరం లేకపోవడానికి కారణం వెతికాం. స్పీకరు తీగలను స్టీరియో నుంచి విడదీసి, 1.5 వోల్టుల టార్చి సెల్లును ఒక్క క్షణం తాకించాం. సెల్లు ధనధ్రువాన్ని ధన తీగకు తాకిస్తే శంకువు ముందుకు రావాలి. ఎడమ స్పీకరు ముందుకు వచ్చింది. కుడిది వెనక్కు పోయింది! అంటే కుడివైపు ధన, ఋణ తీగలు తారుమారయ్యాయి.

అయితేనేం, శంకువు ఎటు కదిలినా ధ్వని వస్తుంది కదా అని మీకు అనిపించవచ్చు. ఒక్క స్పీకరే ఉంటే మీ మాట నిజమే. రెండున్నప్పుడు ఒకటి గాలిని నెట్టేవేళ రెండోది లాగుతుంటుంది. 60 హెర్ట్జుల మంద్రస్వరం తరంగదైర్ఘ్యం ఎంత? గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. 340 ÷ 60 = 5.7 మీటర్లు. కారు వెడల్పు దీనిలో మూడో వంతు కూడా ఉండదు. అందువల్ల రెండు తరంగాలూ ఎదురుబొదురు దశల్లోనే చెవికి చేరి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. 3400 హెర్ట్జుల తారస్వరం తరంగదైర్ఘ్యం పది సెంటీమీటర్లే. తల కొద్దిగా కదిలినా దశ మారిపోతుంది కనుక ఆ రద్దు నిలవదు. గాయకుని గొంతు వినిపించి, డోలు మాయమైనది అందుకే. రెండు తీగలు మార్చి కలిపాం. డోలు తిరిగి వచ్చింది. పైసా ఖర్చు లేదు.

సబ్‌వూఫర్ మేలుకొంది

అదే తీవ్రతతో ధ్వని రావాలంటే పౌనఃపున్యం సగమైనప్పుడు శంకువు నాలుగింతలు కదలాలి. తలుపులోని చిన్న శంకువుకు అది శక్తికి మించిన పని. అందుకే మంద్రస్వరాలకు పెద్ద శంకువు, గట్టి పెట్టె, వేరే వర్ధకం ఉన్న సబ్‌వూఫర్ కావలసి వచ్చింది.

దానికి నాలుగు కావాలి: బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి తీగ, బాడీ ఎర్త్, స్టీరియో నుంచి ధ్వని సంకేతం, మేలుకొలుపు తీగ. ఈ కారులో మొదటి మూడూ ఉన్నాయి. నీలం మీద తెల్లచార తీగ మాత్రం కొస తెగి వేలాడుతోంది. పాత స్టీరియో ఇచ్చే కబురు కొత్తది ఇవ్వలేదు, సబ్‌వూఫర్ నిద్ర లేవలేదు. తీగ కలపగానే డిక్కీ పలికింది.

ఇక్కడ మరొకటి గమనించాలి. సంకేతం రెండు స్థాయిల్లో ఉంటుంది. స్టీరియో వెనకనున్న గుండ్రని ఆర్‌సీఏ రంధ్రాల నుంచి వచ్చేది కొద్ది వోల్టుల చిన్న సంకేతం. స్పీకరు తీగల్లోది పెద్ద సంకేతం. చిన్నది కోరే వర్ధకానికి పెద్దది ఇస్తే ధ్వని బొంగురుపోతుంది, వర్ధకమూ దెబ్బతినవచ్చు. సబ్‌వూఫర్ ఏది కోరుతుందో ముందుగా చూసుకోవాలి.

లావుపాటి తీగకు ఫ్యూజును బ్యాటరీ దగ్గరే, జానెడు మూరెడు దూరంలోనే పెట్టాలి. డిక్కీ దగ్గర పెడితే, దారిలో తొడుగు ఒరుసుకొని తీగ బాడీకి తగిలినప్పుడు ఆ ఫ్యూజు కాపాడలేదు. ప్రవాహం దానిదాకా పోతేగా!

పని మొదలుపెట్టే ముందు

ముందుగా బ్యాటరీ ఋణధ్రువం తీగను ఊడదీయాలి. ధనధ్రువాన్ని ముందు విప్పబోతే స్పానరు కారు బాడీకి తగిలి షార్టు కావచ్చు. ఋణధ్రువాన్ని విప్పేటప్పుడు తగిలినా ప్రమాదం లేదు, రెండూ ఒకటే కదా! తిరిగి బిగించేటప్పుడు ఋణధ్రువాన్ని చివరన బిగించాలి. ప్రతి అతుకునూ మెలిపెట్టి, టంకం వేసి లేదా క్రింపు చేసి, ఇన్సులేషన్ టేపు గట్టిగా చుట్టాలి. ఈ పనిని మీ అంతట మీరు చేయకండి. పెద్దవారితో, పని తెలిసిన మెకానిక్కుతో కలిసి చేయించండి. చేస్తున్నప్పుడు పక్కన నిలబడి చూసే హక్కు, అడిగే హక్కు మాత్రం మీకు ఉంది.

సాయంత్రానికి మూడు స్పీకర్లూ సబ్‌వూఫరూ చక్కగా పలికాయి. వెనక కుడి స్పీకరు బాగానే ఉంది గాని, స్టీరియోలో దానికి విద్యుత్తు పంపే భాగం కాలిపోయింది. ఆ తీగలకు టేపు చుట్టి పక్కన పెట్టాం. కొత్త స్టీరియోకు డబ్బు కూడే వరకు మూడింటితోనే నడుపుతానన్నాడు. ఎర్ర ఫ్యూజులు రెండు కొని కారులో ఉంచుకున్నాడు. వెండి కాగితాన్ని తానే తీసి నా చేతిలో పెట్టాడు. అది ఇప్పుడు మా బడి ప్రయోగశాలలో, ‘విద్యుత్ ప్రవాహం – ఫలితాలు’ పాఠం చెప్పే రోజు చూపించే అట్టకు అంటించి ఉంది.

మీరే లెక్క కట్టండి

1. రెండు 4 ఓముల స్పీకర్లను సమాంతరంగా ఒకే జత తీగలకు కలిపితే ఫలిత నిరోధం ఎంత? శ్రేణిలో కలిపితే ఎంత? స్టీరియోకు ఏది ప్రమాదం?

2. ఎర్ర తీగను తాళం వలయానికి కాక నేరుగా బ్యాటరీకి కలిపారు. అందువల్ల కారు ఆపినా స్టీరియో అర ఆంపియరు లాగుతోంది అనుకోండి. 35 ఆంపియర్-గంటల బ్యాటరీ ఎన్ని గంటల్లో ఖాళీ అవుతుంది?

3. లారీల్లో 24 వోల్టులు ఉంటాయి. కారు స్టీరియోను అందులో నేరుగా ఎందుకు కలపకూడదు?